టూ స్ట్రోక్ ఏటీవీ: గేర్ ఆయిల్ దేన్ని తాకుతుంది, గాలి దేన్ని తాకుతుంది?

టూ స్ట్రోక్ ఏటీవీ, అంటే మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి, చేతికొచ్చిన ప్రతివాళ్లకీ, ముఖ్యంగా పాత బండిని సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నవాళ్లకి, మొదట ఎదురయ్యే ప్రశ్నలు రెండు. గేర్ బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి? ఎయిర్ ఫిల్టర్ ఏది వేయాలి? పదిమందిని అడిగితే పన్నెండు జవాబులొస్తాయి. ఒకరు కారు ఇంజన్ ఆయిల్ చాలంటారు. ఇంకొకరు 80డబ్ల్యూ గేర్ ఆయిల్ తప్ప మరోటి ముట్టుకోవద్దంటారు. మరొకరు ఆటోమేటిక్ కార్లలో పోసే ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ పోసి ఏళ్ల తరబడి నడుపుతున్నానంటారు. తమాషా ఏమిటంటే, ఈ ముగ్గురి బండ్లూ నడుస్తూనే ఉంటాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

దీన్ని విడదీయడానికి బ్రాండ్ల జాబితా అక్కర్లేదు. ఆ ఆయిల్ లోపల ఏయే భాగాలను తాకుతుందో, ఆ గాలి ఏయే భాగాల మీదుగా పోతుందో తెలిస్తే చాలు. సీసా మీద అక్షరాలకీ, ఫిల్టర్ డబ్బా మీద గొప్పలకీ అర్థం దానంతటదే తేలుతుంది.

ఒకే ఇంజన్, రెండు గదులు

ఫోర్ స్ట్రోక్ మోటార్‌సైకిళ్లలో చాలావాటికి ఒకే ఆయిల్. క్రాంక్, పిస్టన్, క్యామ్, గేర్లు, క్లచ్ అన్నీ అందులోనే తడుస్తాయి. టూ స్ట్రోక్‌లో అది కుదరదు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందుగా పిస్టన్ కింద ఉన్న క్రాంక్ కేస్‌లోకే వస్తుంది. పిస్టన్ దిగేటప్పుడు అక్కడ నొక్కుడుపడి, ట్రాన్స్‌ఫర్ పోర్టుల గుండా సిలిండర్‌లోకి ఎక్కుతుంది. అలాంటి చోట ఆయిల్ నిల్వ పెట్టలేం. అందుకే క్రాంక్‌కీ పిస్టన్‌కీ కావలసిన టూటీ ఆయిల్ పెట్రోల్‌లో కలిసి వచ్చి, పని చేసి, కాలి పొగగా పోతుంది. గేర్లూ క్లచ్చూ మాత్రం పక్క గదిలో, తమ సొంత ఆయిల్‌లో తిరుగుతాయి. ఈ రెండు గదులనూ వేరు చేసేది క్రాంక్ షాఫ్ట్ చుట్టూ కూర్చున్న ఒక చిన్న రబ్బరు సీలు. దాని పేరు క్రాంక్ సీలు, గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

కాబట్టి గేర్ బాక్స్ ఆయిల్‌కి మంట తగలదు. మసి, ఆమ్లాలు, కాలని పెట్రోలు దాని దాకా రావు. ఇంజన్ ఆయిల్‌లో మసిని పట్టి ఉంచడానికి కలిపే డిటర్జెంట్లతో ఇక్కడ పెద్దగా పని లేదు, ఉంటే నష్టమూ లేదు. దాని అసలు కష్టాలు వేరు. గేర్ పళ్ల మధ్య నలగడం, క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పొడిని మోయడం, క్లచ్ జారినప్పుడు పుట్టే వేడిని పీల్చుకోవడం, నీళ్లలో దిగినప్పుడు తేమను తట్టుకోవడం. పైగా చాలా టూ స్ట్రోక్ గేర్ బాక్సుల్లో ఆయిల్ పంపూ ఉండదు, ఆయిల్ ఫిల్టరూ ఉండదు. గేర్లు తిరుగుతూ చిమ్మిన ఆయిలే అన్నిటికీ అందాలి. రాలిన పొడి అంతా ఆయిల్ మార్చేదాకా లోపలే తిరగాలి.

మాన్యువల్‌ని నమ్మినా బోల్తా పడే చోటు

యమహా బాన్షీని తీసుకుందాం. అమెరికాలో 1987 నుంచి 2006 మోడల్ దాకా అమ్ముడైన బండి. 64 మిల్లీమీటర్ల బోరు, 54 మిల్లీమీటర్ల స్ట్రోకు, రెండు సిలిండర్లు, మొత్తం 347 సీసీ, ఆరు గేర్లు, ఆయిల్‌లో తడిసే క్లచ్. గేర్ బాక్స్‌కి మాన్యువల్ చెప్పేది ఎస్‌ఏఈ 10డబ్ల్యూ-30, ఎస్‌ఈ రకం మోటార్ ఆయిల్. ఎస్‌ఈ అన్నది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి వరుసలో 1970ల నాటి కార్లకు ఉద్దేశించిన మెట్టు. 1987లో బయటికొచ్చిన బండికి కూడా ఆ పాత మెట్టే సరిపోయిందంటే కంపెనీ పిసినారితనం అనుకోనక్కర్లేదు. మంట తగలని ఆయిల్‌కి అంతకంటే అవసరం లేదు మరి.

ఇప్పుడు దుకాణంలో ఎస్‌ఈ దొరకదు. 2010లో వచ్చిన ఎస్‌ఎన్, 2020లో వచ్చిన ఎస్‌పీ దొరుకుతాయి. కొత్త మెట్టు పాతదానికి పనికొస్తుందనే మామూలు లెక్క కార్ల ఇంజన్లకు సరే. తడి క్లచ్ దగ్గర ఆ లెక్క తప్పుతుంది. ఇంధనం ఆదా చేయడానికి ఈనాటి పల్చని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే పదార్థాలు, వాటిలో కొన్ని మాలిబ్డినంతో చేసినవి, కలుపుతారు. ఏపీఐ గుండ్రటి ముద్రలో కింది సగాన ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అని రాసుంటే సంగతి అదే. ఆ మాట ఎక్కువగా 20, 30 అంకెల పల్చని గ్రేడుల మీదే కనిపిస్తుంది. అంటే పాత మాన్యువల్‌ని అక్షరాలా పాటించి ఈరోజు కారు కోసం చేసిన 10డబ్ల్యూ-30 కొన్న మనిషి, బండి తయారీదారు ఊహించని ఆయిల్‌ని ఇంటికి తెచ్చుకున్నట్టే. క్లచ్ పని చేసేదే రాపిడి మీద. ఫైబర్ ప్లేటూ స్టీలు ప్లేటూ ఆయిల్‌లో మునిగి ఉండి కూడా స్ప్రింగులు నొక్కగానే ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఆ పట్టుని తగ్గించడానికే పుట్టిన రసాయనం అందులో కలిస్తే ఏమవుతుంది? అన్నిసార్లూ జారదు. బిగువైన స్ప్రింగులు, కొత్త ప్లేట్లు ఉంటే చాలాకాలం తెలియకపోవచ్చు కూడా. అందుకే ‘నాకేం కాలేదే’ అనేవాళ్లు దొరుకుతారు. ప్లేట్లు అరిగాక, ఇసుకలో ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు తేడా బయటపడుతుంది.

ఈ సమస్యకే జపాన్ వాళ్లు 1990ల చివర్లో జాసో టీ903 అనే ప్రమాణం తెచ్చారు. పేరుకి ఫోర్ స్ట్రోక్ మోటార్‌సైకిల్ ఆయిళ్ల ప్రమాణమే. కానీ అందులో క్లచ్ రాపిడి పరీక్ష ఉంది, మనకు కావలసింది అదే. ఎమ్‌ఏ అంటే తడి క్లచ్‌కి తగినంత పట్టు. 2006లో దాన్ని ఎమ్‌ఏ1, ఎమ్‌ఏ2గా విడగొట్టారు, వీటిలో ఎక్కువ పట్టు ఎమ్‌ఏ2ది. ఎమ్‌బీ అంటే తక్కువ రాపిడి, తడి క్లచ్ లేని స్కూటర్లకు. సీసా మీద ఎమ్‌ఏ2 కనిపిస్తే గేర్ బాక్స్‌కి సంబంధించినంతవరకు సగం టెన్షన్ తీరినట్టే. అదే జాసో పేరుతో ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని ఇంకో వరుస ఉంది. అవి పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ గ్రేడులు. కాలడానికి చేసిన ఆ ఆయిల్‌ని ‘టూ స్ట్రోక్ ఆయిల్ కదా’ అని గేర్ బాక్స్‌లో పోసేవాళ్లు ఉన్నారు, వద్దు.

80 అంటే చిక్కనా?

ఎక్కువ వాదనలు నడిచేది ఇక్కడే. 10డబ్ల్యూ-40 పోయాలా, 80డబ్ల్యూ పోయాలా? అంకె చూస్తే 80 అంటే తారులా ఉంటుందనిపిస్తుంది. నిజానికి ఇవి రెండు వేర్వేరు కొలబద్దలు. ఇంజన్ ఆయిళ్లకు ఎస్‌ఏఈ జే300, గేర్ ఆయిళ్లకు ఎస్‌ఏఈ జే306. ఒకే చెప్పు ఒక కొలతలో 8, మరో కొలతలో 42 అయినట్టు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలిస్తే ఇంజన్ ఆయిల్ 30 అంటే 9.3 నుంచి 12.5 దాకా, 40 అంటే 12.5 నుంచి 16.3 దాకా. గేర్ ఆయిల్ 80డబ్ల్యూకి కనీసం 7 ఉంటే చాలు. గేర్ ఆయిల్ 90 అంటే 13.5 నుంచి 18.5 దాకా. అంటే టూ స్ట్రోక్ బండ్ల కోసం అమ్మే 80డబ్ల్యూ చాలావరకు పల్చని ఇంజన్ ఆయిళ్ల సరసన నిలబడేదే. 80డబ్ల్యూ-90 మాత్రం 40, 50 గ్రేడుల మధ్య ఎక్కడో ఉంటుంది.

చిక్కదనం ఎక్కువైతే గేర్లకు మంచిదే కదా అని అడగొచ్చు. కొంతవరకే. చల్లటి పూట చిక్కని ఆయిల్ క్లచ్ ప్లేట్లను అంటిపెట్టుకుంటుంది. క్లచ్ లివర్ పూర్తిగా నొక్కినా ప్లేట్లు విడిపోవు, ఫస్ట్ గేర్ వేయగానే బండి ముందుకు పాకుతుంది, ఆగినప్పుడు న్యూట్రల్ దొరకదు. బాగా పల్చనైతే గేర్ల చప్పుడు పెరుగుతుంది, పళ్ల మీద పొర నిలవదు.

ఇంకో విషయం చాలామంది చెప్పరు. 10డబ్ల్యూ-40 లాంటి మల్టీగ్రేడ్ ఆయిళ్లలో వేడికి పల్చబడకుండా పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. గేర్ పళ్లు వాటిని కత్తిరించిపారేస్తాయి. కొత్తగా పోసినప్పుడు 40 ఉన్న ఆయిల్ కొంత వాడకానికే 30కి దగ్గరపడవచ్చు. గేర్లు మార్చేటప్పుడు మొదట్లో ఉన్న మెత్తదనం పోయి టకటకమని తగలడానికి ఒక కారణం ఇదే. మోటార్‌సైకిల్ ఆయిళ్లలో ఈ అరుగుదలను తట్టుకునే పాలిమర్లు వాడతారు, టూ స్ట్రోక్ 80డబ్ల్యూ రకాల్లో చాలావాటికి వీటి అవసరమే తక్కువ. కారు ఆయిల్‌కి ఆ శ్రద్ధ అక్కర్లేదు, ఎందుకంటే కారు ఇంజన్‌లో గేర్లు లేవు.

గేర్ ఆయిల్ అన్న పేరు చూసి కారు డిఫరెన్షియల్‌లో పోసే జీఎల్-5 తెచ్చుకోవడం మాత్రం తప్పు దారి. జీఎల్-5 పుట్టింది హైపాయిడ్ గేర్ల కోసం. అక్కడ పళ్లు ఒకదానిమీదొకటి విపరీతమైన ఒత్తిడితో జారుతాయి కాబట్టి గంధకం, భాస్వరం ఉన్న పదార్థాలు దండిగా కలుపుతారు. ఏటీవీ గేర్ బాక్స్‌లో అలాంటి గేర్లు లేవు. ఉన్నది క్లచ్, కొన్ని చోట్ల ఇత్తడి, కంచు బుష్‌లు. ఆ పదార్థాలు క్లచ్‌కి పనికిరావు, పసుపు లోహాలకూ మేలు చేయవు. సీసా మీద 80డబ్ల్యూ అని ఒక్కటే ఉంటే చాలదు, తడి క్లచ్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసుండాలి.

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (ఏటీఎఫ్) సంగతి. డ్రాగ్ రేసుల్లో బాన్షీలు నడిపేవాళ్లలో టైప్ ఎఫ్ అనే ఫ్లూయిడ్‌కి మంచి పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు. 1960, 70ల నాటి ఫోర్డ్ ఆటోమేటిక్ గేర్ బాక్సుల కోసం చేసిన ఆ రకంలో రాపిడి తగ్గించే పదార్థాలు ఉండవు, క్లచ్ గట్టిగా పట్టుకుంటుంది. పల్చన కాబట్టి ప్లేట్లు చటుక్కున విడిపోతాయి, చల్లగా ఉన్నప్పుడు కూడా. కానీ ఏటీఎఫ్ అని పేరున్నదల్లా టైప్ ఎఫ్ కాదు. డెక్స్‌రాన్ రకాల్లో గేరు మెత్తగా పడడానికి రాపిడిని కావాలని సవరిస్తారు. నా అభిప్రాయం అడిగితే, కొన్ని సెకన్ల పరుగు కోసం కట్టిన బండికి టైప్ ఎఫ్ సరే, ఆయిల్ తరచూ మారుస్తారు కాబట్టి. రోజంతా గుట్టలెక్కే బండికి గేర్ పళ్ల మీద అంత పల్చని పొర ఎందుకు?

మొత్తానికి ట్రైళ్లలో, బురదలో, ఇసుకలో అన్నిచోట్లా తిరిగే మాన్యువల్ క్లచ్ బండికి జాసో ఎమ్‌ఏ2 ఉన్న 10డబ్ల్యూ-40 గానీ, 10డబ్ల్యూ-30 గానీ, లేదంటే తడి క్లచ్‌కి సరిపడే టూ స్ట్రోక్ 80డబ్ల్యూ గానీ పోస్తే చాలు. సింథటిక్ అయితే వేడికి ఇంకొంచెం నిలబడుతుంది. కానీ ఖరీదైన ఆయిల్‌ని ఎక్కువకాలం ఉంచడం కంటే మామూలు ఆయిల్‌ని త్వరగా మార్చడం మేలు. క్లచ్ పొడికి ఆయిల్ ఖరీదుతో సంబంధం లేదు, లోపల ఫిల్టరూ లేదు. మామూలు రైడింగ్‌లో 20 గంటలకోసారి, పోటీల్లో అయితే అందులో సగానికే మార్చేస్తే గేర్ బాక్స్ గురించి ఆలోచించనక్కర్లేదు. బాన్షీకి సుమారు ఒకటిన్నర లీటరు పడుతుంది, యమహాదే చిన్న బండి బ్లాస్టర్‌కి అందులో సగం కూడా పట్టదు. ఎక్కువ పోసినా ముప్పే. ఆయిల్‌ని గేర్లు చిలికి నురగ చేస్తాయి, గేర్ బాక్స్ లోపలి గాలి వదిలే బ్రీథర్ గొట్టంలోంచి బయటికి కక్కుతాయి.

పిల్లల కోసం చేసిన చిన్న టూ స్ట్రోక్ ఏటీవీల్లో చాలావాటికి బెల్టుతో నడిచే ఆటోమేటిక్ డ్రైవ్ ఉంటుంది, తడి క్లచ్ ఉండదు. అక్కడ ఆయిల్ తాకేది కొన్ని గేర్లను మాత్రమే కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తల్లో సగం వర్తించవు. మాన్యువల్ 80డబ్ల్యూ-90 అంటే అదే పోయండి.

క్లచ్ జారుతోందని అనుమానం వస్తే ఆయిల్‌ని తిట్టే ముందు క్లచ్ కేబుల్ చూడండి. లివర్ దగ్గర కాస్తయినా వదులు లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉంటుంది, ఏ ఆయిల్ పోసినా జారుతుంది. ప్లేట్లు కొత్తవి వేస్తే బిగించే ముందు వాటిని ఆయిల్‌లో బాగా నానబెట్టాలి. పొడిగా బిగిస్తే మొదటి పరుగులోనే మాడతాయి.

డ్రెయిన్ బోల్టు దగ్గర కాసేపు

పాత ఆయిల్‌ని పారబోసే ముందు చూడటం అలవాటు చేసుకోవాలి. ఇంజన్ వేడెక్కాక, ఆరిన తెల్లటి ట్రేలోకి దించండి. బూడిదరంగు కలిసి మెరుస్తూ, వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా ఉంటే అది క్లచ్ పొడి, మామూలే. గోటికి తగిలే రేకులు, చంద్రవంక ఆకారపు ముక్కలు కనిపిస్తే గేర్ పన్ను గానీ షిఫ్ట్ ఫోర్క్ గానీ దెబ్బతింటోంది. మాడిన కంపు కొడుతూ నల్లగా ఉంటే క్లచ్ జారుతోంది.

పాలు కలిసినట్టు తెల్లగా, మీగడలా ఉంటే నీళ్లు చేరాయి. వాగు దాటినప్పుడు బ్రీథర్ గొట్టం నీళ్లలో మునిగి ఉండొచ్చు. వేడిగా ఉన్న గేర్ బాక్స్ చల్లనీళ్లు తగలగానే లోపలి గాలి సంకోచించి గొట్టంలోంచి నీటిని పీల్చేస్తుంది. అందుకే ఆ గొట్టాన్ని వీలైనంత పైకి కట్టమంటారు. వాగు దాటకుండానే ఇలా జరిగితే, వాటర్ కూలింగ్ ఉన్న బండిలో వాటర్ పంపు సీలు పోయి కూలెంట్ లోపలికి కారుతోంది.

అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం ట్రేలో కనిపించదు, కొలతలో కనిపిస్తుంది. పోసినదానికంటే తక్కువ ఆయిల్ దిగింది, బయట ఎక్కడా కారిన మరక లేదు, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఎక్కువైంది, ప్లగ్ తడిగా నల్లగా ఉంది. గేర్ ఆయిల్ ఎటు పోయింది? క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయింది. పిస్టన్ పైకెళ్లిన ప్రతిసారీ క్రాంక్ కేస్‌లో పుట్టే వాక్యూమ్ గేర్ బాక్స్ నుంచి ఆయిల్‌ని పీల్చి కాల్చేస్తోంది. తిరుగుదారీ ఉంది. దిగిన ఆయిల్ పెట్రోల్ కంపు కొడుతూ పల్చగా ఉంటే అదే సీలు గుండా మిశ్రమం ఇటు వచ్చింది.

గాలి వెళ్లే దారి

ఎయిర్ ఫిల్టర్ విషయంలో టూ స్ట్రోక్‌కి క్షమాగుణం లేదు. ఫోర్ స్ట్రోక్‌లో వాల్వ్ దాటిన గాలి నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది, క్రాంక్ బేరింగులు వేరే గదిలో, వడగట్టిన ఆయిల్‌లో ఉంటాయి. టూ స్ట్రోక్‌లో గాలి కార్బురేటర్ దాటి, గాలిని లోపలికే వదిలే రీడ్ వాల్వ్ దాటి, మొదట క్రాంక్ బేరింగుల మీద, కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్ మీద పడుతుంది. ఆ తర్వాతే పోర్టులు, పిస్టన్, రింగులు. ఆ బేరింగులకు అందే ఆయిల్ పొగమంచు లాంటి తుంపరే. గాలితో పాటు వచ్చిన దుమ్ము ఆ తుంపరకి అంటుకుని రోలర్ల కింద చేరుతుంది. మధ్యలో పట్టుకోవడానికి ఇంకో ఫిల్టర్ లేదు.

గాలి ఎంత? టూ స్ట్రోక్ సిలిండర్ ప్రతి చుట్టుకీ ఒకసారి గాలి పీలుస్తుంది. 347 సీసీ ఇంజన్ 8000 ఆర్‌పీఎమ్ దగ్గర లెక్క ప్రకారం నిమిషానికి దాదాపు 2,800 లీటర్లు మింగాలి. నిజంగా వెళ్లేది అంతకంటే తక్కువే, కానీ అదే సైజు ఫోర్ స్ట్రోక్‌కి లెక్కలోనే ఇందులో సగం. ముందు వెళ్తున్న బండి లేపిన దుమ్ములో వెనక ఏటీవీ పీల్చే గాలి ఇది.

ప్రమాదం కంటికి కనిపించే ఇసుక రేణువులతో మాత్రమే కాదు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం. అందులో మూడో వంతో, పదో వంతో ఉన్న సన్నటి దుమ్ము లోహాల మధ్య ఆయిల్ పొరలోకి సరిగ్గా దూరి అరగదీస్తుంది. ఎండిన మట్టిదారుల్లో లేచే పిండిలాంటి దుమ్ము ఈ రకమే. ఇసుక తిన్నెల మీద నడిపేవాళ్లకి వేసిన ఫిల్టర్ బాగా పనిచేసిందని మట్టిదారుల వాళ్లు కూడా అదే వేస్తే, ఫలితం ఒకటి కాకపోవడానికి కారణం ఇదే.

ఫిల్టర్లు మూడు రకాలు. కాగితంది పొడిగా ఉన్నంతసేపు దుమ్ముని చక్కగా పట్టుకుంటుంది. కానీ టూ స్ట్రోక్ కార్బురేటర్ కొన్ని ఆర్‌పీఎమ్‌ల దగ్గర పెట్రోలు, ఆయిల్ తుంపరని వెనక్కి ఉమ్ముతుంది. కాగితం దానికి తడిసి, దుమ్ము పట్టి, మూసుకుపోతుంది. నీళ్లు తగిలితే ఇక చెప్పక్కర్లేదు. ఈ బండ్లకి అది తగదు.

రెండోది ఆయిల్ పట్టించిన నూలు గాజ్, కేఅండ్‌ఎన్ పేరుతో ఎక్కువమందికి తెలిసింది. గాలి బాగా వదులుతుంది, ఉతికి మళ్లీ వాడొచ్చు. పల్చని పొర కావడం దాని బలం, బలహీనత కూడా. ఆయిల్ ఆరినా, వెనక్కి ఉమ్మిన పెట్రోల్‌కి కడుక్కుపోయినా సన్నటి దుమ్ముకి దారి దొరుకుతుంది. ఇసుక, డ్రాగ్ ట్రాక్ లాంటి చోట్ల, పైన నీటిని తోసేసే బట్ట తొడుగు వేసి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడ తప్పు పట్టలేం.

మూడోది ఆయిల్ పట్టించిన ఫోమ్. యూని, ట్విన్ ఎయిర్ లాంటివాళ్లు చేసేవి ఇవి. బయట పెద్ద రంధ్రాల పొర, లోపల సన్న రంధ్రాల పొర కలిపి అతికించినవి మేలు. ఫోమ్ దుమ్ముని పైన మాత్రమే కాక తన మందమంతా పట్టి ఉంచుతుంది. అందుకే బాగా మురికైనా చాలాసేపు గాలి వదులుతుంది, దుమ్మూ బురదా తప్పని బండికి నా ఓటు దీనికే. ఒక్క షరతు ఉంది. పట్టేది ఫోమ్ కాదు, దానికున్న జిగట ఆయిల్. ఆయిల్ లేని ఫోమ్ సన్నటి దుమ్ముకి తలుపు తీసిన ఇల్లు. కొన్ని పాత మాన్యువళ్లు మామూలు ఇంజన్ ఆయిల్ రాయొచ్చంటాయి. అత్యవసరానికి సరే, కానీ అది నెమ్మదిగా కిందికి దిగి ఫోమ్ పైభాగం ఎండిపోతుంది. ఫోమ్ ఫిల్టర్ల కోసమే అమ్మే ఆయిల్ అయితే పట్టించేటప్పుడు పల్చగా ఉండి, తర్వాత జిగటగా మారి అక్కడే నిలబడుతుంది.

‘ఫ్రీ ఫ్లో’ అన్న మాట

ఫిల్టర్ మార్చగానే పవర్ పెరిగిందనే మాట తరచుగా వింటాం. కొంత నిజం ఉంది, కానీ చాలా బండ్లలో గాలిని బిగబట్టేది ఫిల్టర్ గుడ్డ కాదు, ఎయిర్ బాక్స్ మూత, దాని మీది చిన్న ముక్కు. మూత తీసేసినా, బాక్సే పీకేసి కార్బురేటర్‌కి పాడ్ ఫిల్టర్ తగిలించినా గాలి పెరుగుతుంది. దానితో పాటు పెట్రోలు పెరగదు. పెంచాలంటే మెయిన్ జెట్, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క, పెద్దది వేయాలి.

వేయకపోతే మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు. టూ స్ట్రోక్‌లో లీన్ అంటే రెండు దెబ్బలు. పిస్టన్‌ని కొంత చల్లబరిచేది లోపలికొచ్చే పెట్రోలే, అది తగ్గింది. ముందే కలిపి పోసే బండిలో ఆయిల్ వచ్చేదీ ఆ పెట్రోల్‌తోనే, అదీ తగ్గింది. బండి మొదట్లో చురుగ్గా, ‘పికప్ బాగుంది’ అనిపించేలా ఉంటుంది. పొడవాటి ఫుల్ థ్రాటిల్ పరుగులో పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టుకుంటుంది, లేదా డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్ తలకి చిల్లు పడుతుంది. చల్లటి రోజున గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి వేసవిలో సరిపోయిన జెట్ చలికాలంలో లీన్ అవ్వొచ్చు. ఫిల్టర్, మూత, సైలెన్సర్ వీటిలో ఏది మార్చినా, కొంచెం పెద్ద జెట్‌తో మొదలుపెట్టి ప్లగ్ రంగు చూస్తూ కిందికి రావడమే పద్ధతి. ఎక్కువ పెట్రోల్‌తో ప్లగ్ పాడవుతుంది, తక్కువ పెట్రోల్‌తో ఇంజన్ పాడవుతుంది.

ఎయిర్ బాక్స్ పీకేయడం నాకు నచ్చని పని. వెనక చక్రాలు ఎగజిమ్మే బురద, నీళ్లు, ఇసుక అంతా పాడ్ ఫిల్టర్ మీదే పడతాయి. గాలి ఎక్కువ కావాలనుకుంటే బాక్స్ ఉంచి, లోపల పెద్ద వైశాల్యం ఉన్న ఫోమ్ వేసి, మూత సంగతి తర్వాత ఆలోచించండి.

ఉతకడం

ఫోమ్‌ని పెట్రోల్‌తో ఉతకడం పాత అలవాటు. అంటుకునే ప్రమాదం సరే, అతుకుల్లోని గమ్ కూడా ఊడుతుంది. ఫిల్టర్ క్లీనర్ గానీ, అంత తేలిగ్గా మండని సాల్వెంట్ గానీ పోసి పాత ఆయిల్ వదిలించి, తర్వాత సబ్బునీళ్లలో పిసకాలి. బట్టలా మెలిపెట్టి పిండితే అతుకు చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కితే చాలు. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, రంధ్రాలు సాగుతాయి. పూర్తిగా ఆరాక ఆయిల్ పోసి, రంగు అంతటా ఒకేలా వచ్చేదాకా పిసికి, ఎక్కువైనది నొక్కి తీసేయాలి. కారుతున్నంత ఆయిల్ ఉంచితే అదీ గాలిని అడ్డుకుంటుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుని అతుకులు చూడండి.

మంచి ఫిల్టర్ వేసినా దుమ్ము వెళ్లే దారి ఇంకోటి ఉంది, ఫిల్టర్ అంచు. ఫిల్టర్ కూర్చునే రిమ్ చుట్టూ పల్చగా గ్రీజు రాయాలి. ఎయిర్ బాక్స్ నుంచి కార్బురేటర్‌కి వెళ్లే రబ్బరు బూటు పగుళ్లు, క్లాంపులు చూడాలి. ఆ బూటు లోపల, ఫిల్టర్ దాటిన తర్వాతి గోడ మీద, తెల్లటి గుడ్డ చుట్టిన వేలితో ఒకసారి తుడవండి. గుడ్డ మీద ఆయిల్ మరక ఉంటే ఫర్వాలేదు. వేలికి గరుకు తగిలితే ఇంజన్ ఇప్పటికే దుమ్ము తింటోంది. డబ్బా మీద ఎంత మంచి పేరుండనీ, ఆ గరుకు అబద్ధం చెప్పదు.

ఆ చిన్న సీలు

క్రాంక్‌కి రెండు చివర్లా సీళ్లుంటాయి. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ తగ్గుతుంది, పొగ పెరుగుతుంది. కరెంటు పుట్టించే మాగ్నెటో వైపుది పోతే అటు ఆయిల్ లేదు, గాలే ఉంది. ఫిల్టర్‌కి చెప్పకుండా గాలి దూరిపోతుంది, మిశ్రమం లీన్ అవుతుంది, రేస్ వదిలినా ఆర్‌పీఎమ్ వెంటనే దిగదు. మీరు ఏ ఫిల్టర్ కొన్నా, ఏ జెట్ వేసినా ఈ దొంగదారి లెక్క తప్పిస్తుంది. అందుకే పాత బండి తెచ్చుకుంటే ఆయిల్, ఫిల్టర్ కొనేముందే లీక్ టెస్ట్ చేయాలి. ఎగ్జాస్ట్, ఇంటేక్ మూసేసి, క్రాంక్ కేస్‌లోకి చేతిపంపుతో 6 పీఎస్‌ఐ గాలి ఎక్కిస్తారు, 6 నిమిషాలు నిలబడాలన్నది మెకానిక్కుల వాడుక. అంతకంటే ఎక్కువ ఒత్తిడి పెడితే బాగున్న సీలు కూడా కదిలిపోవచ్చు. ముల్లు దిగుతుంటే కార్బురేటర్ రబ్బరు దగ్గర, సిలిండర్ అడుగున, మాగ్నెటో సీలు చుట్టూ సబ్బునీళ్లు చల్లితే బుడగలు దారి చూపిస్తాయి. అక్కడెక్కడా బుడగలు రాకపోతే గేర్ బాక్స్ బ్రీథర్ గొట్టం కొసని సబ్బునీళ్లలో ముంచండి. బుడగలు అక్కడ వస్తే క్లచ్ వైపు సీలే. సీలు మార్చాకే కొత్త ఆయిల్ సీసా మూత తీయండి.